ముందు జాగ్రత్త, వెనుక దిద్దుబాటు: కరెన్సీ వ్యాపారం, కీమా ఉండల గురించి ఒక సంవాదం

కొత్తగా ఏ విద్య నేర్చుకునేవారికైనా జాగ్రత్త అవసరమన్న మాటను ఎవరూ కాదనరు. అయితే ఆ జాగ్రత్త పని మొదలుపెట్టకముందు ఉండాలా, ఫలితం చూసి దిద్దుకునేటప్పుడు ఉండాలా అన్న ప్రశ్నకు అన్ని విద్యలలోనూ ఒకే సమాధానం దొరకదు. ఈ సంవాదంలో ఇద్దరు వాదులు ఆ ప్రశ్నను రెండు పనుల ఆధారంగా పరిశీలిస్తారు. ఒకటి పిండిపదార్థాలు తగ్గించి వండే కీమా ఉండలు, రెండవది ఒక దేశపు డబ్బును మరొక దేశపు డబ్బుతో కొని అమ్మే కరెన్సీ వ్యాపారం. కొలతతో, ఓర్పుతో, చిన్న ప్రయత్నాలతో ఏ పనినైనా నేర్చుకోవచ్చునన్నది సాధనవాది పక్షం. కొన్ని పనులలో సాధన కంటే ముందు నిగ్రహం కావాలనీ, అది లేని సాధన నష్టాన్నే అలవాటు చేస్తుందనీ నిగ్రహవాది పక్షం.

సాధనవాది: వంటింట్లో పనికొచ్చే క్రమశిక్షణ బజారులోనూ పనికొస్తుందనడానికి కీమా ఉండలే తగిన నిదర్శనం. ఉండ విడిపోకుండా పట్టునివ్వడానికి సాధారణంగా పుట్నాల పప్పు పొడినో, బ్రెడ్డు పొడినో, ఉడికించిన బంగాళాదుంపనో కలుపుతారు. అర కిలో కీమాకు 40 గ్రాముల పుట్నాల పొడి కలిపితే పీచుతో కలిపి దాదాపు 23 గ్రాముల పిండిపదార్థాలు చేరుతాయి. దాని స్థానంలో ఒక కోడిగుడ్డు, 40 గ్రాముల బాదం పొడి వాడితే ఆ మొత్తం 9 గ్రాములకు మించదు, అందులోనూ సగానికి పైగా పీచే. ఉల్లిపాయను తురిమి నీరు పిండేసి, అల్లంవెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, కొత్తిమీర, గరం మసాలా కలిపి, కీమా బరువులో 1.5 శాతం చొప్పున ఏడున్నర గ్రాముల ఉప్పు వేసి పిసికిన తరువాత, మిశ్రమమంతటినీ ఉండలు చుట్టకుండా ముందుగా ఒక్క చిన్న ఉండను పెనం మీద వేయించి చూస్తారు. ఉప్పు చాలకపోయినా, ఉండ పగిలినా మిగిలిన ముద్దను అప్పుడే సరిదిద్దుకోవచ్చు. కరెన్సీ బజారులో కొత్తవారు చేయవలసిందీ ఇదే. చిన్న మొత్తంతో ఒక ప్రయత్నం చేసి, ఫలితాన్ని చూసి, తప్పును దిద్దుకుని, ఆ తరువాత మొత్తం పెంచుకోవాలి.

నిగ్రహవాది: వంటకు సంబంధించినంతవరకు మీ మాటలో తప్పు లేదు. అయితే అక్కడ దిద్దుబాటు ఎందుకు సాధ్యమవుతుందో కూడా చూడాలి. ఉప్పు వేసి పిసికినప్పుడు మాంసంలోని మయోసిన్ అనే ప్రోటీన్ కరిగి జిగురుగా మారుతుంది, వేడి తగిలాక ఆ జిగురే గట్టిపడి ఉండను పట్టి ఉంచుతుంది. ఉండ పగిలిందంటే పిసకడం చాలలేదనో, ఉల్లి నీరు ఎక్కువైందనో, కీమా చల్లగా లేక కొవ్వు ముందే కరిగిపోయిందనో కారణం దొరుకుతుంది. లోపల ఉడికిందో లేదో తెలియకపోతే మటన్ కీమాకు 71 డిగ్రీల సెల్సియస్ అన్న కొలత ఉంది, మాంసంలో గుచ్చే థర్మామీటరు ఆ సంగతి చెబుతుంది. కారణానికీ కార్యానికీ మధ్య సంబంధం ఈ రోజు ఎలా ఉందో రేపూ అలాగే ఉంటుంది కనుకనే ఒక్క ఉండ మిగిలిన ఉండలన్నిటికీ సాక్ష్యమవుతుంది. కరెన్సీ బజారులో ఒక్క లావాదేవీ మరొకదానికి సాక్ష్యమవుతుందా అన్నదే అసలు ప్రశ్న, దానికి సమాధానం చెప్పకుండా పోలికను ముందుకు తీసుకువెళ్లడం తగదు.

సాధనవాది: ఆ ప్రశ్నకు ముందు బజారు స్వరూపం చెప్పుకోవాలి. కరెన్సీలను ఎప్పుడూ జతలుగానే కొని అమ్ముతారు. డాలరు–రూపాయి జతను కొన్నవారు డాలరు విలువ పెరుగుతుందని ఆశిస్తున్నారన్నమాట. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే తేడాను స్ప్రెడ్ అంటారు, ప్రతి లావాదేవీలోనూ చెల్లించక తప్పని మొదటి ఖర్చు అదే. అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు 2022 ఏప్రిల్‌లో జరిపిన లెక్కింపు ప్రకారం ప్రపంచ విదేశీ మారక బజారులో రోజుకు సగటున 7.5 లక్షల కోట్ల డాలర్ల లావాదేవీలు జరిగాయి. భారతదేశంలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2008 ఆగస్టు 29న డాలరు–రూపాయి ఫ్యూచర్స్‌ను ప్రారంభించింది. రాబోయే ఒక తేదీకి ఒక ధరను ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందమే ఫ్యూచర్స్, అందులో ఒక లాట్ అంటే వెయ్యి డాలర్లు. ఇక జాగ్రత్త లెక్క ఇలా ఉంటుంది. లక్ష రూపాయల మూలధనం ఉన్నవారు ఒక్క లావాదేవీలో ఒక శాతానికి, అంటే వెయ్యి రూపాయలకు మించి పోగొట్టుకోకూడదని ముందే నిశ్చయించుకుంటారు. ధర 25 పైసలు ఎదురు తిరిగితే బయటపడాలని స్టాప్‌లాస్ పెడతారు, అనగా ఆ ధర రాగానే ఒప్పందాన్ని ముగించమని బ్రోకరుకు ముందే ఆదేశమిస్తారు. లాట్‌కు 250 రూపాయల నష్టం కనుక నాలుగు లాట్‌లకు మించి తీసుకోకూడదు. ఇంత స్పష్టమైన కొలత ఉన్నప్పుడు భయపడవలసింది ఏముంది?

నిగ్రహవాది: ఈ కొలతే కొత్తవారు నేర్చుకోవలసిన విషయాలలో అత్యంత విలువైనదన్న సంగతిని ముందుగా ఒప్పుకోవాలి. లావాదేవీకి ఒక శాతం చొప్పున వరుసగా పదిసార్లు పోగొట్టుకున్నవారి దగ్గర లక్షలో 90,438 రూపాయలు మిగులుతాయి, దాదాపు పదకొండు శాతం లాభంతో వారు మొదటి స్థితికి చేరుకుంటారు. పది శాతం చొప్పున పదిసార్లు పోగొట్టుకున్నవారి దగ్గర 34,868 రూపాయలే మిగులుతాయి, వారు కోలుకోవాలంటే దాదాపు 187 శాతం లాభం కావాలి. నష్టం లోతు పెరిగేకొద్దీ తిరిగి ఎక్కవలసిన ఎత్తు అంతకంటే వేగంగా పెరుగుతుంది. కానీ మీ లెక్కలో కనిపించనిది ఒకటుంది. నాలుగు లాట్‌లంటే నాలుగు వేల డాలర్లు, రూపాయలలో మూడు లక్షలకు పైమాటే. చేతిలో లక్ష పెట్టుకుని మూడు లక్షల విలువైన ఒప్పందం చేసుకోగలగడాన్ని లెవరేజ్ అంటారు, ఒప్పందానికి హామీగా జమచేసే కొద్ది మొత్తాన్ని మార్జిన్ అంటారు. మరునాటి ఉదయం బజారు ఒక రూపాయి ఎదురుగా తెరుచుకుంటే నష్టం వెయ్యి కాదు, నాలుగు వేలు. స్టాప్‌లాస్ ఒక ఆదేశమే కాని హామీ కాదు, ఆ ధరకు అవతలి పక్షం దొరికినప్పుడే అది నెరవేరుతుంది.

సాధనవాది: అటువంటి ఎదురుదెబ్బలు అరుదైనవి, అరుదైనదానిని చూపి సాధారణమైనదానిని నిషేధించడం న్యాయం కాదు.

నిగ్రహవాది: అరుదైనవే ఖాతాలను ముగిస్తాయి. స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు 2011 సెప్టెంబరు నుంచి ఒక యూరో విలువ 1.20 ఫ్రాంకుల కంటే తగ్గనివ్వబోమని ప్రకటించి నిలబెట్టింది. ఆ అండ చూసుకుని చాలామంది వ్యాపారులు యూరోలను కొని, 1.20కి కొద్దిగా దిగువన స్టాప్‌లాస్ పెట్టుకుని నిశ్చింతగా ఉన్నారు. 2015 జనవరి 15న ఆ బ్యాంకు ముందస్తు హెచ్చరిక లేకుండా ఆ హద్దును ఎత్తివేసింది, నిమిషాలలో యూరో ఒక ఫ్రాంకు కంటే దిగువకు జారింది. మధ్యలో కొనేవారు లేనందున స్టాప్‌లాస్ ఆదేశాలు కోరిన ధర కంటే ఎంతో దిగువన నెరవేరాయి, కొందరి ఖాతాలలో జమచేసిన డబ్బంతా పోగా బ్రోకరుకే బాకీ మిగిలింది. చిన్న మదుపరులకు ఇచ్చే లెవరేజ్‌ను ఐరోపా సమాఖ్య బజారు నియంత్రణ సంస్థ ఎస్మా 2018లో ప్రధాన కరెన్సీ జతలకు 30 రెట్లకు పరిమితం చేసింది. ధర తేడా మీద పందెం వంటి సీఎఫ్‌డీ ఒప్పందాలలో చిన్న మదుపరుల ఖాతాలు 74 నుంచి 89 శాతం వరకు నష్టపోతున్నాయని ఆ సందర్భంలోనే వెల్లడించింది. ఆ పరిమితి ఉన్నా, 30 రెట్ల లెవరేజ్‌తో పూర్తిగా దిగినవారి మార్జిన్ తుడిచిపెట్టుకుపోవడానికి మూడున్నర శాతం లోపు కదలిక చాలు.

సాధనవాది: అయితే లెవరేజ్‌ను విడిచి, అతి చిన్న మొత్తాలతో ఆడి, ప్రతి లావాదేవీనీ పుస్తకంలో రాసుకుని, గెలిచినవాటి నుంచీ ఓడినవాటి నుంచీ పాఠం తీసుకుంటే సాధన నిష్ఫలం కాదు కదా?

నిగ్రహవాది: సాధన ఫలించాలంటే ఫలితం నిజం చెప్పాలి. బజారు గురించి ఏమీ తెలియక, నాణెం ఎగరవేసినట్టు కొనడమో అమ్మడమో చేసే వెయ్యిమందిని ఊహిస్తే, ఖర్చులను పక్కన పెట్టినా వారిలో దాదాపు 31 మంది వరుసగా ఐదు లావాదేవీలలోనూ గెలుస్తారు. ఆ 31 మందికీ తమకు విద్య అబ్బిందనే అనిపిస్తుంది, మొత్తం పెంచేది కూడా వారే. దీనికి విరుద్ధంగా సరైన కారణంతో, సరైన పరిమాణంతో దిగినవారు మూడుసార్లు ఓడి, తమ పద్ధతి తప్పనుకుని దానిని మార్చుకోవచ్చు. ఉప్పు ఎక్కువైన ఉండ పొరపాటున కూడా నాలుకకు చప్పగా తగలదు, కానీ తప్పు నిర్ణయం బజారులో లాభంగానూ ఒప్పు నిర్ణయం నష్టంగానూ కనిపించగలవు. నిర్ణయ శాస్త్రాన్ని అధ్యయనం చేసిన రాబిన్ హోగార్త్, అనుభవం సరిగా బోధించే పరిస్థితులనూ అనుభవమే దారి తప్పించే పరిస్థితులనూ వేరు చేసి చూపారు. ఆ విభజనలో వంటింటి పెనం మొదటి వర్గానికీ, కొద్దిపాటి లావాదేవీల కరెన్సీ ఖాతా రెండవ వర్గానికీ చెందుతాయి.

సాధనవాది: వంటింటిని మీరు మరీ నమ్మదగినదిగా చూపుతున్నారు. ఉండ రుచిని నాలుక చెబుతుంది నిజమే, కానీ పిండిపదార్థాలు తగ్గించి వండడం రుచి కోసం కాదు, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచడం కోసం. ఆ ప్రయోజనం నెరవేరిందా లేదా అన్నది నాలుక చెప్పలేదు. పైగా బాదం పొడిలో సగం బరువు కొవ్వే కనుక పిండిపదార్థాలు తగ్గినా కెలోరీలు పెరుగుతాయి, ఇష్టంగా నాలుగు ఉండలు ఎక్కువ తిన్నవారు బరువు పెరగవచ్చు. కనుక రుచిగా ఉన్న వంట మేలు చేయకపోవచ్చునన్నట్టే, లాభం తెచ్చిన లావాదేవీ మంచిది కాకపోవచ్చునన్న లోపం రెండు చోట్లా సమానమే.

నిగ్రహవాది: ఇది బలమైన ఆక్షేపణ, దీనిని ఒప్పుకోవలసిందే. ఒప్పుకున్న మీదట తేడా ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. భోజనం చేసిన రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసిన చక్కెర, సుమారు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ఈ రెండూ నాలుక చెప్పలేనిదానిని చెబుతాయి. శరీరం నెమ్మదిగా మారుతుంది కనుక ఈ నెల కొలత వచ్చే నెలకు ఆధారమవుతుంది. అక్కడ కూడా ముందు జాగ్రత్త అవసరమే. ఇన్సులిన్ గానీ చక్కెరను దించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతున్నవారు వైద్యుని అడగకుండా ఒక్కసారిగా పిండిపదార్థాలు తగ్గిస్తే చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చు. బజారు సంగతి వేరు. 2013 మే ఆరంభంలో డాలరుకు దాదాపు 54 రూపాయలుండగా, అమెరికా కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు బెన్ బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించే అవకాశాన్ని ప్రస్తావించడంతో పెట్టుబడులు వెనక్కు మళ్లి, అప్పటికే పెద్దదైన మన కరెంటు ఖాతా లోటు భారం తోడై, ఆగస్టు చివరికి ధర 69కి చేరువైంది. పదేళ్ల తరువాత 2023లో మాత్రం ఏడాది పొడవునా అది సుమారు 81కీ 83 చిల్లరకీ మధ్యే నిలిచింది. 2023 నిశ్చలతలో నేర్చిన పద్ధతి 2013 వంటి వేసవిలో యజమానినే ముంచుతుంది. కొలతలు ఎన్ని ఉన్నా, కొలవబడే వస్తువే మారిపోతున్నప్పుడు వాటి విలువ తగ్గుతుంది.

సాధనవాది: అంటే కొత్తవారు ఈ బజారు వైపే చూడకూడదన్నది మీ నిర్ణయమా?

నిగ్రహవాది: చూడకముందు అడగవలసిన ప్రశ్న చట్టానిది. భారతదేశంలో విదేశీ మారకాన్ని 1999 నాటి ఫెమా చట్టం నియంత్రిస్తుంది. గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజ్‌ల ద్వారా గానీ, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థలతో గానీ మాత్రమే నివాసులు ఈ ఒప్పందాలు చేసుకోవాలి. విదేశీ యాప్‌లలో కరెన్సీ ఆడడానికి, నివాసులు విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే ఉదార చెల్లింపుల పథకం కింద డబ్బు పంపడం నిషిద్ధం. అనుమతి లేని వేదికల జాబితాను రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు నుంచి ప్రకటిస్తూ వస్తోంది. ఉల్లంఘించినవారికి ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు, ఆ వేదికలో డబ్బు ఇరుక్కుంటే ఇక్కడి నియంత్రణ సంస్థల నుంచి రక్షణా దొరకదు. ఎక్స్ఛేంజ్‌లో కూడా రూపాయి ఉన్న జతలలో దిగాలంటే వెనుక నిజమైన విదేశీ మారకపు అవసరం, అంటే రావలసిన డాలర్లో చెల్లించవలసిన డాలర్లో, ఉండాలని 2024 జనవరి 5న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు అదే ఏడాది మే 3 నుంచి అమలులోకి వచ్చాయి.

సాధనవాది: పది కోట్ల డాలర్ల వరకు పత్రాలు చూపనక్కరలేదని అదే ఆదేశాలలో ఉంది. అడగని పత్రం కోసం కొత్తవారు ఆగడం దేనికి?

నిగ్రహవాది: పత్రం అడగకపోవడం లావాదేవీని తేలిక చేయడానికే కాని అవసరమన్న నియమాన్ని ఎత్తివేయడానికి కాదు. అవసరం ఉండి తీరాలని ఆ ఆదేశమే చెబుతుండగా, అడిగేవారు లేరు కనుక లేనిదానిని ఉన్నట్టు ఒప్పుకుని సంతకం చేయడం జాగ్రత్త అనిపించుకోదు. కొత్తవారి మొదటి అడుగే అసత్యంతో మొదలైతే, ఆ తరువాత రాసుకునే లెక్కల పుస్తకానికి విలువేముంటుంది?

సాధనవాది: నిజమైన అవసరం ఉన్నవారి సంగతి తీసుకుంటే ఈ చర్చ మరింత ఉపయోగపడుతుంది. తెలుగు రాష్ట్రాలలో అటువంటివారు తక్కువేమీ కాదు. అమెరికాలో చదివే పిల్లలకు ఫీజులు పంపే కుటుంబాలు, భీమవరం పరిసరాల నుంచి రొయ్యలను, గుంటూరు నుంచి మిర్చిని ఎగుమతి చేసి డాలర్లలో డబ్బు అందుకునే వ్యాపారులు వారిలో ముఖ్యులు. ఆరు నెలల తరువాత పదివేల డాలర్ల ఫీజు కట్టవలసిన కుటుంబానికి డాలరు ధర మూడు రూపాయలు పెరిగితే ముప్పై వేల అదనపు భారం పడుతుంది. ఆ కుటుంబం పది లాట్‌ల ఫ్యూచర్స్ కొని ఉంటే ఫీజులో పెరిగిన భారాన్ని ఆ ఒప్పందంలో వచ్చిన లాభం దాదాపుగా పూడుస్తుంది. ఎగుమతిదారు దీనికి విరుద్ధంగా, రాబోయే డాలర్లను ముందుగానే అమ్మి ధరను ఖాయం చేసుకుంటారు. ఉన్న అపాయాన్ని ఎదురు ఒప్పందంతో సరితూచే ఈ పనిని హెడ్జింగ్ అంటారు. బ్యాంకుతో నేరుగా చేసుకునే ఫార్వర్డ్ కాంట్రాక్టు కూడా ఇటువంటిదే.

నిగ్రహవాది: ఇక్కడ ఇద్దరి వాదాలూ కలుస్తాయి. హెడ్జింగ్‌లో డాలరు ధర తగ్గితే ఒప్పందంలో నష్టం వస్తుంది, కానీ ఫీజు అంత మేరకు తేలికవుతుంది కనుక ఆ నష్టం ఓటమి కాదు, కోరుకున్న నిశ్చయానికి చెల్లించిన ధర. అందువల్ల గెలుపోటముల భ్రమ నుంచి కొత్తవారిని రక్షించేది ఇదొక్కటే. అయినా మూడు షరతులు పాటించాలి. అవసరం పదివేల డాలర్లైతే ఒప్పందం పదివేలకు మించకూడదు, మించిన ప్రతి డాలరూ పందెమే. రాబోయే తేదీ ధర సాధారణంగా నేటి ధర కంటే కొంత ఎక్కువగా ఉంటుంది కనుక, రెండు దేశాల వడ్డీ రేట్ల తేడా వల్ల ఏర్పడే ఆ ప్రీమియంను ఖర్చుగా ముందే లెక్కించుకోవాలి. ధర ఎదురు తిరిగినప్పుడు మార్జిన్ కింద రోజూ జమచేయవలసిన డబ్బు చేతిలో ఉండాలి, లేకపోతే అవసరం తీరకముందే ఒప్పందం రద్దవుతుంది. ఇవి వీలుకాని కుటుంబానికి కావలసిన డాలర్లను విడతలవారీగా కొని పంపుకోవడమే మేలు.

సమన్వయం. ఇద్దరి మాటలనూ కలిపి చూస్తే జాగ్రత్తకు రెండు భాగాలున్నాయని తేలుతుంది. పరిమాణాన్ని నిర్ణయించే ముందు కొలత మొదటిది, ఫలితాన్ని చూసి చేసే దిద్దుబాటు రెండవది. కీమా ఉండలు వండేవారికి రెండూ అందుబాటులో ఉంటాయి, మొదటిదానిలో పొరపడినా రెండవది కాపాడుతుంది. కరెన్సీ బజారులో రెండవది ఆలస్యంగా, అస్పష్టంగా, ఒక్కొక్కప్పుడు అబద్ధంగా అందుతుంది కనుక అక్కడ జాగ్రత్త బరువంతా మొదటి భాగమే మోయాలి. అవసరం ఏమిటి, చట్టం అనుమతిస్తుందా, ఎంత పోగొట్టుకోవడానికి సిద్ధం, స్టాప్‌లాస్ పనిచేయని రోజున ఇల్లు నిలబడుతుందా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు ఆర్డరు పెట్టకముందే కాగితం మీద ఉండాలి. లావాదేవీ ముగిసిన తరువాత సరిచూసుకోవలసినది లాభనష్టాలను కాదు, ఆ కాగితం మీద రాసినట్టే నడుచుకున్నారా లేదా అన్నదానిని. డాలరు అవసరం లేనివారు కాగితం మీదే ఊహా లావాదేవీలు రాసుకుంటూ బజారు గమనాన్ని ఎంతకాలమైనా అధ్యయనం చేయవచ్చు, ఆ చదువులో పోయేది ఏమీ లేదు. సాధనవాది కోరిన సాధన ఆ కాగితంతో మొదలవుతుంది, చాలామంది విషయంలో దానితోనే ముగియడం నష్టం కాదు, లాభమే.